జ్యూసు తాగి బరువు పెరగకుండా ఉండాలంటే

రెండేళ్ల క్రితం వేసవిలో నెల రోజుల పాటు పొద్దున్నే పెద్ద గ్లాసుడు బత్తాయి రసం తాగాను, బరువు తగ్గుదామని. బెంగళూరు మారతహళ్లిలో మా వీధి చివర బండి మీద బత్తాయిలు కిలోల లెక్కన కొని, పూటకు మూడో నాలుగో పిండి, టీ వడకట్టే జాలీతో శుభ్రంగా వడకట్టుకుని, చక్కెర వేయలేదు కదా అన్న ధీమాతో తాగేదాన్ని. నెల తిరిగేసరికి తూకం కిలోన్నర ఎక్కువ చూపించింది. యంత్రం పాడైందేమోనని పక్కింట్లో ఉన్నదాని మీద ఎక్కి చూశాను. అది ఇంకో రెండు వందల గ్రాములు కలిపి చెప్పింది.

పొరపాటు ఎక్కడో తర్వాత లెక్క వేసుకుంటే తెలిసింది. వంద గ్రాముల నారింజ తొనల్లో సుమారు 47 కేలరీలు, 2.4 గ్రాముల పీచు ఉంటాయి. అదే నారింజ రసం వంద గ్రాములు తీసుకుంటే కేలరీలు 45, పీచు 0.2 గ్రాములు. బత్తాయిదీ ఇంచుమించు ఇదే కథ. అంటే కేలరీలన్నీ గ్లాసులోకి దిగాయి, పీచంతా జాలీలో ఉండిపోయింది. నేను తాగాల్సింది పారేసి, పారేసినా ఫరవాలేనిది తాగాను. పైగా మూడు బత్తాయిలు ఒలుచుకుని తినాలంటే పావుగంట పడుతుంది, రెండో కాయకే చాలనిపిస్తుంది. రసమైతే అర నిమిషంలో గొంతు దిగుతుంది. ఆ తర్వాత నా నాలుగు ఇడ్లీలు నేను యథావిధిగా తిన్నాను.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చక్కెర మీద ఇచ్చిన సూచనల్లో తేనెనూ, పండ్ల రసాల్లోని తీపినీ కూడా విడి చక్కెరల కిందే, అంటే మనం పైనుంచి వేసుకునే చక్కెరతో సమానంగానే లెక్కగట్టింది. రోజువారీ కేలరీల్లో ఇవి పది శాతం దాటకూడదు, ఐదు శాతానికి తగ్గిస్తే ఇంకా మంచిది అంటుంది. ఐదు శాతమంటే పెద్దవాళ్లకు దాదాపు 25 గ్రాములు, ఆరు టీస్పూన్లు. రెండు వందల మిల్లీలీటర్ల నారింజ రసంలోనే 17 గ్రాముల దాకా ఉంటుంది. మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు కూడా రసం కన్నా పండే మేలంటాయి. చెరకు రసంలో వంద మిల్లీలీటర్లకు 13 నుంచి 15 గ్రాముల చక్కెర ఉంటుందని హెచ్చరిస్తాయి.

మరి జ్యూసు మానేయాలా? అక్కర్లేదు. నేను ఇప్పటికీ రోజూ తాగుతున్నాను, కాకపోతే పద్ధతి మార్చాను. గ్లాసులో ముప్పాతిక వంతు కూరగాయ, పావు వంతు పండు. వడకట్టడం లేదు. అన్నిటికన్నా ముఖ్యం, ఆ గ్లాసు నా తిండికి అదనంగా రాకూడదు, దేనికో ఒకదానికి బదులుగా రావాలి. ఈ మూడో మాట వదిలేస్తే మొదటి రెండూ పాటించి లాభం లేదు.

ముందు వేళ ఎంచుకోండి

అందుకే కత్తీ పీటా తీయకముందే ఒక పని చేయండి. రోజులో మీరు ఆకలికి కాక అలవాటుకు తినే వేళ ఏదో కనిపెట్టండి. బెంగళూరులో ఉండే మనలో చాలామందికి అది సాయంత్రం ఐదున్నర. వీధికో అయ్యంగార్ బేకరీ. అద్దాల వెనక దిల్‌పసంద్, ఖారా బన్, వేడి వేడి పఫ్. మామూలు పఫ్ ఒక్కటే రెండు వందల కేలరీలకు తక్కువ ఉండదు, పక్కన చక్కెర వేసిన కాఫీ ఉండనే ఉంటుంది. ఆ చోట నలభై యాభై కేలరీల జ్యూసు, గుప్పెడు వేయించిన శనగలు పెట్టారనుకోండి, తేడా మీకే తెలుస్తుంది. జ్యూసుకు కొవ్వు కరిగించే శక్తి ఏమీ లేదు. అది పఫ్‌ను గెంటేస్తుంది, అంతే. నాకు ఆ మాత్రం చాలు.

పొద్దున పరగడుపునే తాగితేనే పనిచేస్తుందని చాలామంది నమ్మకం. లాల్‌బాగ్ చుట్టుపక్కల నడకకు వచ్చేవాళ్ల కోసం స్టీలు డబ్బాల్లో రకరకాల ఆకు రసాలు అమ్మేవాళ్లను చూసి నేనూ అలాగే అనుకునేదాన్ని. వేళలో మహిమ లేదు. పొద్దున తాగి, ఆ మేరకు రెండు ఇడ్లీలు తగ్గించగలిగితే పొద్దునే తాగండి.

మిక్సీ చాలు

కోల్డ్ ప్రెస్ జ్యూసర్ కొనాలా అని అడుగుతారు. నేను కొన్నాను, వాయిదాల మీద. వాయిదాలు తీరకముందే అది అటకెక్కింది. నెమ్మదిగా తిరుగుతుంది, రసం చిక్కగా రంగుగా వస్తుంది, నిజమే. కానీ ఆ యంత్రం చేసే పనే పిప్పినీ రసాన్నీ వేరు చేయడం. బరువు తగ్గాలనుకునే మనకు ఆ పిప్పే కావాలి. చట్నీ చేసే మిక్సీ ఆ పీచును మెత్తగా నలిపి గ్లాసులోనే ఉంచుతుంది. మిక్సీ వేడికి పోషకాలన్నీ పోతాయని భయపెడతారు. ఒక నిమిషం తిరిగితే అంత వేడేమీ పుట్టదు, అనుమానముంటే రెండు ఐసు ముక్కలు వేయండి. జార్ మాత్రం జ్యూసులకు విడిగా ఉంచుకోండి. అల్లం వెల్లుల్లి ముద్ద చేసిన జార్‌లో పుచ్చకాయ వేస్తే ఏమవుతుందో నేను చెప్పనక్కర్లేదు.

కొనేటప్పుడు

మూడు రోజులకు సరిపడా మాత్రమే కొనండి. బండ్ల మీద అమ్మేవాళ్లలో కోలారు, చిత్తూరు వైపు వాళ్లు చాలామందే ఉంటారు కాబట్టి తెలుగుతో పని జరిగిపోతుంది. కాని చోట కన్నడంలో మూసంబి అంటే బత్తాయి, సౌతెకాయి అంటే కీర దోసకాయ, నెల్లికాయి అంటే ఉసిరి, బూదుకుంబళ అంటే బూడిద గుమ్మడి. ఈ నాలుగు మాటలు వస్తే చాలు. బేరం చేతకానివాళ్లకు హాప్‌కామ్స్ దుకాణాలున్నాయి, ధరల పలక మీద ఎంత రాస్తే అంతే. 1959లో ద్రాక్ష రైతుల సహకార సంఘంగా మొదలైంది అది. ఇప్పటికీ వాళ్ల ద్రాక్ష రసం కోసం వెళ్లేవాళ్లున్నారు, నేనూ అప్పుడప్పుడు వాళ్లలో ఒకదాన్నే. అయితే ద్రాక్షలో వంద గ్రాములకు 70 కేలరీల దాకా ఉంటాయి. నల్లటి బెంగళూరు బ్లూ ద్రాక్షను జ్యూసుగా కాక, గిన్నెలో వేసుకుని ఒక్కొక్కటే తినండి.

బూడిద గుమ్మడికాయ కొనే ముందు క్యాలెండరు చూసుకోండి. అమావాస్యకు ముందు రోజు మా వీధి కూరల అక్క సగం కాయ కోసి ఇవ్వనంటుంది. "రేపు దిష్టికి నిండు కాయలే కావాలి తల్లీ, ఇవాళ కోస్తే నాకు నష్టం" అని ఆమె లెక్క. ఇక ఆయుధ పూజ నాడైతే ఈ ఊరి కాయలన్నీ కుంకుమతో సహా రోడ్డు మీదే ఉంటాయి, ద్విచక్ర వాహనం మీద వెళ్లేవాళ్లు జాగ్రత్త.

కడగడం గురించి రెండు మాటలు. పచ్చిగా తాగుతున్నాం, ఉడికించడం లేదు, కాబట్టి ఇక్కడ బద్ధకం పనికిరాదు. వెడల్పాటి గిన్నెలో ఉప్పు నీళ్లలో పది నిమిషాలు నానబెట్టి, తర్వాత పారే నీళ్ల కింద చేత్తో రుద్ది కడగండి. పుదీన, కొత్తిమీర అయితే గిన్నె అడుగున ఇసుక కనిపించనంత వరకు నీళ్లు మారుస్తూ ఉండాలి. నాకు మామూలుగా మూడు సార్లు పడుతుంది. ట్యాంకరు నీళ్లు వచ్చే ఇల్లయితే చివరిసారి తాగే నీళ్లతో కడగండి.

బూడిద గుమ్మడి జ్యూసు

మొదలుపెట్టేవాళ్లు దీనితోనే మొదలుపెట్టాలని నా అభిప్రాయం. ఈ కాయలో 96 శాతం దాకా నీరే. వంద గ్రాములకు పదిహేను కేలరీలు కూడా ఉండవు. తనకంటూ రుచి లేదు కాబట్టి మీరు ఏ రుచి ఇస్తే అది తీసుకుంటుంది.

రెండు వందల గ్రాముల ముక్క తీసుకోండి, అంటే అరచేయి పరిచినంత ముక్క. పైన తెల్లటి బూడిద చేతికి అంటుకుంటుంది, ముందు దాన్ని కడిగేయండి. చెక్కు మందంగా తీయండి. పల్చగా తీస్తే చెక్కు కింద ఉండే పచ్చటి గట్టి పొర మిగిలిపోయి జ్యూసు పసరు వాసన వేస్తుంది. గింజలు, గింజల చుట్టూ ఉండే దూది లాంటి మెత్తటి భాగం తీసేయండి. మిగిలిన తెల్లటి కండను అంగుళం ముక్కలు చేయండి.

ఇప్పుడు చాలామంది చేసే తప్పు, ముక్కలన్నీ జార్‌లో వేసి పైనుంచి గ్లాసుడు నీళ్లు పోయడం. ముక్కలు తేలి, బ్లేడుకు అందకుండా గిరగిరా తిరుగుతాయి, చివరికి నీళ్లు వేరు ముక్కలు వేరుగా మిగులుతాయి. ముందు నీళ్లు లేకుండా తిప్పండి. మీటను ఎడమవైపు పట్టుకుని ఆపి ఆపి నాలుగైదు సార్లు తిప్పితే కాయ తన నీళ్లు తనే వదులుతుంది. అప్పుడు ఎనిమిది పది పుదీన ఆకులు, నాలుగు మిరియాలు, అర అంగుళం అల్లం వేసి నిమిషం పాటు మెత్తగా తిప్పండి. ఆ తర్వాత అర గ్లాసు నీళ్లు. అర చెక్క నిమ్మరసం మాత్రం గ్లాసులో పోశాకే పిండండి, చిటికెడు ఉప్పు, కాస్త వేయించిన జీలకర్ర పొడి చల్లండి. ఉప్పు ఎక్కువైతే చక్కెర మానినందుకు ఫలితం ఉండదు, చిటికెడంటే చిటికెడే.

మొదటి రోజు గొంతుకు గరగరగా అనిపిస్తుంది. వడకట్టాలని చెయ్యి లాగుతుంది. ఆగండి. ఇంకొంచెం నీళ్లు పోసి పల్చన చేసుకోండి గానీ జాలీ తీయకండి. వారంలో నాలుక సర్దుకుంటుంది. గ్లాసును గటగటా తాగేయకుండా చెంచా వేసుకుని నమిలినట్టు తాగితే ఇంకా మంచిది, కడుపు నిండిన కబురు మెదడుకు చేరడానికి కాస్త వ్యవధి దొరుకుతుంది.

క్యారెట్, బీట్‌రూట్, ఉసిరి

దుంపలు గట్టివి, ఇంటి మిక్సీతో పేచీ పెడతాయి. క్యారెట్ ఒకటి, బీట్‌రూట్ పావు ముక్క, రెండూ తురుముకోవడం తేలిక. ఉసిరికాయ ఒకటి గింజ తీసి ముక్కలు చేయండి. తురుమును రెండు చెంచాల నీళ్లతో ముందు ముద్దలా రుబ్బి, అప్పుడు ముప్పావు గ్లాసు నీళ్లు పోసి మళ్లీ తిప్పండి. క్యారెట్‌లోని బీటా కెరోటిన్ ఒంటికి పట్టాలంటే కాస్త నూనె పదార్థం ఉండాలి. దీనితో పాటు నాలుగు పల్లీలో బాదం పప్పులో నమలండి. క్యారెట్‌కూ బీట్‌రూట్‌కూ వంద గ్రాములకు నలభై పైచిలుకు కేలరీలున్నాయి, అందుకే కూరగాయే కదా అని పెద్ద గ్లాసు వద్దు. వారానికి రెండు మూడు సార్లు చాలు.

మర్నాడు పొద్దున మూత్రం ఎర్రగా వస్తే కంగారు పడి ఆసుపత్రికి పరుగెత్తకండి. కొందరికి బీట్‌రూట్ రంగు అలా బయటికి వస్తుంది. మా ఆయన ఒక రోజు స్నానాల గది లోంచి నన్ను పిలిచిన పిలుపు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

ఎప్పుడైనా వడకట్టక తప్పకపోతే, ఇంట్లో పెద్దవాళ్లకు పీచు పడకపోవచ్చు, ఆ పిప్పి పారేయకండి. బియ్యప్పిండిలో కలిపి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేసి ఇక్కడి అక్కి రొట్టెలా తట్టుకోండి. చపాతీ పిండిలోనూ కలుస్తుంది.

పండ్ల సంగతి

బత్తాయిని నేను పూర్తిగా మానలేదు. అనంతపురం తోటల కాయ అంటే పుట్టింటి చుట్టమొచ్చినట్టు ఉంటుంది, ఎలా మానను? ఇప్పుడు ఒకే కాయ, దానికి తోడు పెద్ద కీర దోసకాయ ఒకటి. కీర తొడిమ వైపు ముక్క కొరికి చూసి, చేదు లేకపోతేనే వేయండి.

బత్తాయిని మిక్సీలో వేయడం నేర్పింది మా ఎదురింటి పిన్నిగారు. హిందూపురం ఆవిడ. నా జ్యూసు ఒక గుటక తాగి గ్లాసు కింద పెట్టేశారు.

"గింజలు తీశావా అమ్మా?"

"ఎవరు తీస్తారు పిన్నిగారూ, మిక్సీ నలిపేస్తుంది కదా!"

"నలిపింది కాబట్టే చేదు. తొన మీద తెల్ల పొర కూడా అలాగే ఉంచావు. నువ్వు తీయనిదంతా నాలుక మీదే తేలుతుంది."

నిజమే. గింజల్లోనూ తెల్ల పొరలోనూ చేదు పదార్థం ఉంటుంది, రసంలో కలిసి కాసేపు నిలిస్తే ఆ చేదు ఇంకా పెరుగుతుంది కూడా. అప్పుడు ఆ చేదు పోగొట్టడానికి చక్కెర వేస్తాం, అక్కడితో కథ మొదటికొస్తుంది. కాబట్టి తొన చీల్చి గింజలు తీసి, తెల్ల పొర వీలైనంత ఒలిచి, ఆపి ఆపి మూడు సార్లు మాత్రమే తిప్పండి. దానిమ్మకూ ఇదే పద్ధతి, గింజ పగిలేదాకా తిప్పితే వగరు. పుచ్చకాయకు నీళ్లూ వద్దు, చక్కెరా వద్దు, వంద గ్రాములకు 30 కేలరీలే. మామిడి, అరటి, సపోటాలను పాలు, చక్కెర, ఐస్‌క్రీముతో కలిపితే అది భోజనమే, జ్యూసు కాదు. అనాస, బొప్పాయి ముక్కలను ఉడికించకుండా పాలతో తిప్పి నిలవ ఉంచితే చేదెక్కుతాయి, వాటిలోని ఎంజైములు పాల మాంసకృత్తులను విరగ్గొడతాయి.

తేనె, బెల్లం వేస్తే చక్కెర వేసినట్టు కాదు కదా అనకండి. బరువు విషయంలో మూడూ అక్కాచెల్లెళ్లే.

సొరకాయతో జాగ్రత్త

ఇది మాత్రం నెమ్మదిగా చదవండి. బరువు తగ్గడానికి సొరకాయ రసం తాగేవాళ్లు చాలామంది. కొన్ని కాయల్లో కుకుర్బిటాసిన్ అనే చేదు విషం ఎక్కువగా పుడుతుంది, పైకి చూస్తే తెలియదు. ఆ రసం తాగి వాంతులు, రక్త విరేచనాలతో ఆసుపత్రి పాలైనవాళ్లున్నారు, ప్రాణాలు పోయిన సందర్భాలూ ఉన్నాయి. భారత వైద్య పరిశోధన మండలి నియమించిన నిపుణుల సంఘం చెప్పింది సూటిగా ఉంది. రసం తీయకముందే చిన్న ముక్క నాలుక మీద పెట్టి చూడండి. చేదుంటే కాయ మొత్తం పారేయండి. వేరే రసాలతో కలపకండి. తాగాక కడుపులో తిప్పినా వాంతి వచ్చినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. ఆరోగ్యానికి చేదే మందు అనుకుని ముక్కు మూసుకుని తాగే అలవాటు మనవాళ్లకు ఉంది, ఇక్కడ అది ప్రమాదం. నేనైతే సొరకాయను పప్పులోనే వేస్తాను, అక్కడా ముందు రుచి చూశాకే.

కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు పాలకూర, బీట్‌రూట్, కొబ్బరినీళ్ల వంటివి వైద్యుణ్ని అడగకుండా మొదలుపెట్టకూడదు. వాటిలోని ఆక్సలేటు, పొటాషియం వాళ్లకు పడవు. మధుమేహానికి మందులు వాడుతూ కాకర రసం తాగితే చక్కెర మరీ పడిపోవచ్చు. రక్తం పలచబడే మందు వార్ఫరిన్ వాడేవాళ్లు ఉన్నట్టుండి ఆకుకూర రసాలు పెంచకూడదు. గర్భిణులు బయట తీసిన పచ్చి రసాలు తాగకపోవడమే మంచిది.

మూడు రోజులు జ్యూసులే తాగి ఒంట్లో మలినాలు కడిగేస్తామనే పథకాల జోలికి పోకండి. ఆ పని కాలేయం, మూత్రపిండాలు జీతం అడగకుండా చేస్తూనే ఉన్నాయి. మూడు రోజుల్లో తగ్గేది చాలా వరకు నీరు, అన్నం ముద్ద నోట్లో పడగానే తిరిగొస్తుంది. పప్పు, పెరుగు, గుడ్డు లేకుండా రోజులు గడిపితే కండ కూడా కరుగుతుంది. వారానికి అర కిలో తగ్గితే బాగా తగ్గుతున్నట్టే.

తీసిన వెంటనే

తీసిన జ్యూసును పావుగంటలో తాగేయండి. గాలి తగిలితే రంగు మారుతుంది, విటమిన్ సి తగ్గుతుంది. నిమ్మరసం ఆ మార్పును కాస్త ఆపుతుంది, పూర్తిగా కాదు. ఆఫీసుకు తీసుకెళ్లాలంటే గాజు సీసాలో మూత దాకా నింపి ఫ్రిజ్‌లో పెట్టండి. పొద్దున తీసింది సాయంత్రానికి పూర్తి చేయండి, మర్నాటికి ఉంచకండి. వైట్‌ఫీల్డ్ దాకా బస్సులో గంటన్నర పట్టే రోజుల్లో నేను సీసా మానేసి కడిగిన కీర దోసకాయ, ఒక బత్తాయి సంచిలో వేసుకుంటాను. జ్యూసు కన్నా అదే మంచిదని మొదట్లోనే చెప్పాను కదా.

చివరగా జార్. రెండో వారంలో జ్యూసు మానేసేవాళ్లు రుచి నచ్చక మానరు, జార్ కడగలేక మానేస్తారు. గ్లాసు పట్టుకుని కుర్చీలో కూర్చోక ముందే జార్‌లో సగం నీళ్లు పోసి, ఒక్క చుక్క సబ్బు వేసి పది క్షణాలు తిప్పి ఒంపేయండి. మూతలోని రబ్బరు రింగును వేలితో బయటికి తీసి విడిగా కడగండి. పిప్పి దాగేది అక్కడే, రెండు రోజులు వదిలేస్తే వాసన వస్తుంది, బీట్‌రూట్ అయితే ఆ రింగు మళ్లీ తెల్లబడదు. జార్‌ను బోర్లించి ఆరబెట్టి, అప్పుడు కూర్చుని చెంచాతో మొదలుపెట్టండి.